డెబ్బీ వాళ్ళింట్లో ఇండోనేషియన్

1982, జనవరి నెల. డెట్రాయిట్‌కి ఉత్తరాన, ట్రాయ్ దాటి ఇంకొంత దూరం వెళ్తే వచ్చే ఒక చిన్న ఊరు. ఊరి పేరు రాయను. నేను చెప్పబోయే మనుషులు అక్కడే ఉండేవారు, కొందరు ఇంకా ఉన్నారు.

అప్పుడు నేను కౌంటీ విద్యా కార్యాలయంలో ఎవాల్యుయేటర్‌గా పనిచేసేదాన్ని. చుట్టుపక్కల స్కూళ్ళలో ఏదైనా కొత్త కోర్సు పెడితే, పిల్లలు దాని గురించి ఏమనుకుంటున్నారో కొలిచి రిపోర్టు ఇవ్వడం మా పని. వాల్తేరులో సైకాలజీ ఎమ్మే చదివి, పెళ్ళయి మిషిగన్ వచ్చి, ఇక్కడ మళ్ళీ చదువుకుని సంపాదించుకున్న ఉద్యోగం. ఏం పని చేస్తావని మావాళ్ళెవరైనా అడిగితే, "పిల్లల ఇష్టాయిష్టాలు కొలుస్తాను" అనేదాన్ని. "దానికి కూడా జీతం ఇస్తారా" అని మా అత్తగారు ఆశ్చర్యపోయేవారు.

ఆ రోజులు ఎలాంటివో కొంచెం చెప్పాలి. కార్ల కంపెనీలు మనుషుల్ని తీసేస్తున్నాయి. లే ఆఫ్ అన్న మాట కూరగాయల కొట్లో, బ్యాంకు లైన్లో, ఎక్కడ నిలబడినా వినిపించేది. మా ఆయన కూడా కార్ల కంపెనీలోనే ఇంజినీరు. శనివారాలు మన తెలుగువాళ్ళు ఎవరింట్లోనో భోజనాలకి కలిసినప్పుడు, అంతకుముందు "ఆఫీసు ఎలా ఉంది" అని పలకరించుకునే మగవాళ్ళు ఆ ఏడాది ఆ ప్రశ్న మానేశారు. చలి గురించి మాట్లాడుకునేవారు.

స్కూళ్ళకీ డబ్బు తగ్గింది. అలా ఆ ఊరి హైస్కూలు నుంచి మా ఆఫీసుకి ఒక కేసు వచ్చింది. అక్కడ మూడేళ్ళ కిందట ఇండోనేషియన్ భాష నేర్పడం మొదలుపెట్టారు. ఫ్రెంచి, స్పానిష్, జర్మన్ నేర్పే స్కూళ్ళు చూశాను కానీ ఇది ఎక్కడా వినలేదు. నీల్ అని జాగ్రఫీ టీచర్ ఒకాయన కుర్రతనంలో జావా ద్వీపంలో కొన్నేళ్ళు ఇంగ్లిష్ నేర్పి వచ్చారట. అప్పటి ప్రిన్సిపాల్‌ని ఒప్పించి, ఈ క్లాసు పెట్టించుకున్నారు. ఇప్పుడు ప్రిన్సిపాల్ మారారు. స్కూల్ బోర్డు, అంటే ఊరివాళ్ళు ఎన్నుకున్న పాలకవర్గం, ఖర్చులు తగ్గించే పనిలో ఉంది. "ఈ భాష మీద పిల్లల అభిప్రాయం ఏమిటో కొలిచి చెప్పండి. దాన్నిబట్టి ఉంచాలో తీసేయాలో చూస్తాం" అన్నారు.

ఈ కొలవడానికి మేం వాడేది యాటిట్యూడ్ స్కేల్. కాగితం మీద కొన్ని వాక్యాలుంటాయి. "ఈ భాష నాకు ఉద్యోగంలో పనికొస్తుంది," "ఈ భాష మాట్లాడేవాళ్ళతో స్నేహం చేయాలని ఉంది," ఇలాంటివి. ఒక్కొక్క వాక్యానికీ పూర్తిగా ఒప్పుకుంటాను దగ్గర్నుంచి అసలు ఒప్పుకోను దాకా ఐదు గళ్ళు. పిల్లలు ఒక గడిలో టిక్కు పెడతారు. పనికొస్తుందని నేర్చుకుంటే దాన్ని ఇన్‌స్ట్రుమెంటల్ మోటివేషన్ అంటాం. ఆ మనుషుల మీద ఇష్టంతో నేర్చుకుంటే ఇంటిగ్రేటివ్ అంటాం. ఎవరు ఏ భాష నేర్చుకున్నా కారణం ఈ రెండింటిలో ఎక్కడో ఒకచోట ఇముడుతుందని మాకు నేర్పారు. నేనూ అలాగే నమ్మాను.

క్లాసు స్కూల్లో ఒక మూల, బాయిలర్ రూమ్ పక్కన. గోడలు వెచ్చగా ఉండేవి. బయటి చలిలోంచి వచ్చిన పిల్లలు ముందు గోడకి ఆనుకుని కాసేపు నిలబడి ఆ తర్వాత కూర్చునేవారు. నా పేరు మిసెస్ కొల్లి అని నీల్ పరిచయం చేస్తే వెనక బెంచీలో నవ్వులు. కోలీ అంటే ఇక్కడ ఒక జాతి కుక్క. నాకు అలవాటే. నేనూ నవ్వి కాగితాలు పంచాను. పేర్లు రాయొద్దని రెండుసార్లు చెప్పాను.

ఆఫీసుకొచ్చి లెక్క వేస్తే ఫలితం విచిత్రంగా ఉంది. పనికొస్తుందా అన్న వాక్యాలన్నిటికీ దాదాపు అందరూ కాదన్నారు. ఇండోనేషియా వెళ్ళాలని ఉందా అంటే పెద్దగా లేదన్నారు. ఆ మనుషుల గురించి తెలుసుకోవాలని ఉందా అంటే మధ్య గడిలో టిక్కు. కానీ చివర్న "వచ్చే ఏడాది కూడా ఈ క్లాసు తీసుకుంటాను" అన్న దానికి మాత్రం ఎక్కువమంది పూర్తిగా ఒప్పుకుంటాం అన్నారు. ఒక కాగితం మరీ ఘోరం. మొదటి నుంచి పనికిరాదు, అక్కర్లేదు, ఇష్టం లేదు. చివర్న మాత్రం తీసుకుంటాను అన్న గడిలో పెన్సిలు విరిగేంత గట్టిగా టిక్కు.

మా పైఆఫీసర్ ఫ్రాంక్ మంచివాడే కానీ తొందర మనిషి. "పిల్లలు చివరికొచ్చేసరికి విసుగొచ్చి ఏదో ఒకటి కొట్టేస్తారు. పనికిరాదని వాళ్ళే అంటున్నారు కదా, అదే రాసి పంపించు" అన్నాడు.

"విసుగొచ్చినవాళ్ళు అంత గట్టిగా టిక్కు పెట్టరు. నాకు పిల్లలతో మాట్లాడ్డానికి కొంచెం టైమివ్వండి" అన్నాను.

అతను ఒక చూపు చూసి, "ఈ వారం" అన్నాడు.

లైబ్రరీ వెనక చిన్న గదిలో ఒక్కొక్కరినీ పిలిచి మాట్లాడాను. మిషెల్ అనే అమ్మాయి, "ఫ్రెంచిలో రెండుసార్లు ఫెయిలయ్యాను. ఈ భాషలో క్రియలు మారవు, ఆడామగా తేడా లేదు. మొదటి వారంలోనే ఒక వాక్యం చెప్పాను. నాకు బుర్ర లేదనుకునేదాన్ని ఇన్నాళ్ళూ" అంది. ఈ మాట నా స్కేల్లో ఏ వాక్యం కిందికీ రాదు. రాసుకున్నాను.

తర్వాత వచ్చిన అమ్మాయి పేరు డెబ్బీ కొవాల్‌స్కీ. పోలిష్ ఇంటిపేరు. పదకొండో తరగతి. పొడుగ్గా, సన్నగా, చేతులు స్వెటర్ లోపలికి లాక్కుని కూర్చుంది.

"అన్నిటికీ పనికిరాదని కొట్టింది నేనే" అంది కూర్చుంటూనే.

"పేర్లు వద్దన్నాను కదమ్మా. నాకు చెప్పక్కర్లేదు."

"తెలుసు. మిస్టర్ నీల్ మీద కోపంతో ఎవరో కొట్టారని మీరనుకుంటారేమోనని చెప్తున్నాను. ఆయనంటే నాకు ఇష్టమే."

"నిజంగానే పనికిరాదనుకుంటున్నావా?"

"మరి? ఈ ఊళ్ళో ఎవరితో మాట్లాడతాను? నేను పక్కనున్న ఒహాయో రాష్ట్రం దాటి ఎక్కడికీ వెళ్ళలేదు."

"అయితే వచ్చే ఏడాది కూడా ఎందుకు?"

కిటికీ బయట పార్కింగ్ లాట్‌లో మంచు తోసే బండి తిరుగుతోంది. దాన్నే చూస్తూ, "మా నాన్న కోసం" అంది.

"మీ నాన్నగారు అక్కడ పనిచేశారా?"

"లేదు. ఆయన కూడా ఒహాయో దాటలేదు."

నేను ఇంకేమీ అడగలేదు. మా పనిలో ఇదొకటి నేర్చుకుంటాం. మనం ఊరుకుంటే ఎదుటివాళ్ళే చెప్తారు. డెబ్బీ కాసేపటికి చెప్పింది.

వాళ్ళ నాన్న రే. కార్ల ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్ళ వయసు నుంచి పని. ముందటి ఏడాది చలికాలంలో లే ఆఫ్ చేశారు. మొదట్లో రోజూ పొద్దున్నే షేవింగ్ చేసుకుని ఉద్యోగం వెతకడానికి వెళ్ళేవాడు. తర్వాత వెళ్ళడం తగ్గింది. ఇంటి కిందున్న బేస్‌మెంట్ గదిలో ఒక పాత కుర్చీలో కూర్చునేవాడు. "కోపంగా ఉండడు. తాగడు. మాట్లాడడు, అంతే. అమ్మ ఏదడిగినా తలూపుతాడు" అంది.

నీల్ ఒకసారి హోమ్‌వర్క్ ఇచ్చారట. ఇంట్లో వస్తువుల పేర్లు చీటీల మీద రాసి వాటికే అంటించమని. డెబ్బీ వంటింట్లో అంటించి, పై గదుల్లో అంటించి, చివరికి బేస్‌మెంట్‌కి దిగింది. నాన్న పక్కనున్న దీపానికి చీటీ అంటించింది. లాంపు అని. ఆయన దాన్ని చదివి, "ఇదైతే నేనూ పాసవుతాను" అన్నాడట.

"ఆ రోజంతట్లో ఆయన మాట్లాడిన మొదటి మాట అది" అంది డెబ్బీ. "మర్నాడు నేను స్కూలు నుంచి రాగానే మెట్ల కింద నుంచి అడిగాడు, ఇవాళ ఏం నేర్పారు అని. అప్పట్నుంచి రోజూ అడుగుతాడు. క్లాసులో నేను నేర్చుకున్నది సాయంత్రం ఆయనకి చెప్పాలి. నేను క్లాసు ఎగ్గొడితే ఆయనకి పాఠం ఉండదు."

"ఈ క్లాసు తీసేస్తే, పుస్తకం తీసుకుని ఇంట్లోనే చదువుకోవచ్చు కదా?"

"పుస్తకం లేదు, మిసెస్ కొల్లి. మిస్టర్ నీల్ ప్రతి వారం టైపు చేసి ఇస్తారు. ఆయన ఆపేస్తే అంతే."

మా ప్లాన్‌లో కొందరు తల్లిదండ్రులతో మాట్లాడ్డం కూడా ఉంది. ఇంటికి రావచ్చా, అమ్మానాన్నల్ని అడుగుతావా అన్నాను. మర్నాడు వాళ్ళమ్మ క్యారల్ ఆఫీసుకి ఫోన్ చేసి, గురువారం సాయంత్రం భోజనానికి రమ్మంది. భోజనం వద్దన్నాను. ఎందుకని అడిగితే మాంసం తిననని చెప్పాల్సి వచ్చింది. "అయితే బంగాళదుంపలు" అని ఫోన్ పెట్టేసింది.

వాళ్ళ వంటింట్లోకి అడుగుపెట్టగానే నేను ఒక నిమిషం అలా నిలబడిపోయాను. ప్రతి వస్తువుకీ చీటీ. బల్లకి మేజా. కుర్చీకి కుర్సి. అలమరకి లెమారి. కిటికీకి జెందెలా. సింకు దగ్గర సబ్బుకి సాబున్. ఎక్కడి జావా, ఎక్కడి మిషిగన్, నేనెక్కడిదాన్ని. ఆ పోలిష్ వాళ్ళింట్లో సగం వస్తువుల పేర్లు నాకు ముందే తెలుసు. మా అమ్మమ్మ జనెల అనేది, మేజాబల్ల అనేది. ఆ మాటే డెబ్బీతో అన్నాను.

రే బేస్‌మెంట్ మెట్లెక్కి వచ్చాడు. పెద్ద మనిషి. నీలం చొక్కా, ఇస్త్రీ చేసి ఉంది. చెయ్యి కలిపి కూర్చున్నాడు. బంగాళదుంపలు నా వైపు జరిపాడు.

"ఈవిడ భాషలో కూడా ఈ మాటలున్నాయట నాన్నా" అంది డెబ్బీ.

"అవునా? ఏవి?" అన్నాడు.

డెబ్బీ తన కాగితాలు తెచ్చి చదువుతుంటే నేను చెప్పుకుంటూ వచ్చాను. గురు, అదే మాట, అదే అర్థం. బహాసా అంటే భాష. ఇస్త్రీ అంటే వాళ్ళకి భార్య, మాకు ఏ ఆడమనిషైనా స్త్రీయే. సుఆమీ అంటే వాళ్ళకి మొగుడు. మాకు స్వామి అంటే దేవుడు అన్నాను. క్యారల్ నవ్వి, "ఆ సంగతి ఈయనకి చెప్పకండి" అంది. రే కూడా కొంచెం నవ్వాడు. డెబ్బీ వాళ్ళ నాన్న మొహం వైపు చూసి, మళ్ళీ కాగితం వైపు చూసుకుంది.

తర్వాతి మాట చింతా. "ప్రేమ" అని అర్థం చెప్పింది డెబ్బీ.

"మా భాషలో చింత అంటే దిగులు" అన్నాను.

క్యారల్ ప్లేట్లు తీస్తూ, "ఈ ఇంట్లో రెండూ ఒకటే" అంది.

భోజనమయ్యాక తండ్రీకూతుళ్ళు ఆ రోజు పాఠం చదివారు. నీల్ ఇచ్చేవి చిన్న చిన్న ప్రశ్నలు జవాబులు. డెబ్బీ అడుగుతుంది, రే జవాబు చెప్తాడు.

"సుదా మకన్?" భోంచేశారా?

"సుదా." అయింది.

"సుదా మందీ?" స్నానం చేశారా?

"బెలుమ్." ఇంకా లేదు.

"ఇక్కడ తిదా, అంటే లేదు అని చెప్పకూడదు" అని డెబ్బీ నాకు వివరించింది. "అయిందా అని అడిగితే, అవ్వాల్సిన పనికి లేదు అనరు వాళ్ళు. ఇంకా లేదు అనాలి. మిస్టర్ నీల్ దీనికి మార్కులు కోస్తారు."

"మా నాన్నకి తప్పు చెప్పడం ఇష్టం ఉండదు" అని కూడా అంది. రే చేతిలోని పెన్సిలుతో తర్వాతి ప్రశ్న చూపించాడు. నేను వాళ్ళని చూస్తూ కూర్చున్నాను. నాకిక ప్రశ్నలేమీ లేవు.

క్యారల్ నన్ను కారు దాకా దిగబెట్టింది. మెట్ల మీద ఐసు ఉందని నా మోచెయ్యి పట్టుకుంది. అద్దం మీది మంచు తను గీకుతూనే చెప్పింది. "ఆ పాఠంలో ఒకరోజు ఒక ప్రశ్న వచ్చింది. మీకు ఉద్యోగం దొరికిందా అని. డెబ్బీ చూసుకోకుండా అడిగేసింది. బాపా, అంటే నాన్నా, సుదా దపత్ కెర్జా? అని. అడిగాక తెలిసింది పాపం దానికి. నేను స్టవ్ దగ్గర అలాగే ఆగిపోయాను. మా ఇంట్లో ఆ మాట ఎత్తి ఎన్ని నెలలయిందో. ఆయన కాగితం వైపు చాలాసేపు చూశాడు. తర్వాత బెలుమ్ అన్నాడు. తర్వాతి ప్రశ్న అడుగు అన్నాడు."

"మర్నాడు పొద్దున షేవింగ్ చేసుకున్నాడు" అంది క్యారల్. మంచు గీకడం అయిపోయింది కానీ ఇంకా గీకుతూనే ఉంది.

ఇంజను వేడెక్కాక, "ఇది మీ రిపోర్టులో రాయకండి" అంది. "ఆయనకి తెలిస్తే బాధపడతాడు." రాయనని మాటిచ్చాను.

ఆ మాట ఇవ్వడం తేలిక, రిపోర్టు రాయడం కష్టం. నా దగ్గరున్న అంకెలు చెప్పేది ఒకటే. పిల్లలు ఈ భాష పనికిరాదంటున్నారు. నేను కళ్ళారా చూసింది రాయకూడదు. అలాగని అంకెల్ని సాగదీయడానికి వీల్లేదు. కొలిచేవాడు ఒకసారి ఎవరి మీదో జాలితో కొలత మారిస్తే తర్వాత వాడి కొలతల్ని ఎవరూ నమ్మరు. ఫ్రాంక్‌కి అంతా చెప్పలేను కాబట్టి సగమే చెప్పాను. అతను చాలాసేపు విని, "అయితే మన స్కేల్లో తప్పుందని రాయి. అదైనా నిజమే కదా" అన్నాడు. తొందర మనిషన్నాను కానీ ఆ రోజు నాకు దారి చూపించింది అతనే.

అలాగే రాశాను. పిల్లలు ఈ భాష ఉపయోగపడుతుందని అనుకోవడం లేదు, కానీ మానేయాలనీ అనుకోవడం లేదు. ఎందుకని అడిగితే వాళ్ళు చెప్పిన కారణాలు మేం తయారుచేసిన ఏ వాక్యంలోనూ లేవు. కాబట్టి ఈ ఫలితాల్ని మాత్రమే ఆధారం చేసుకుని కోర్సు తీసేయడం సరికాదు. ఇంతే.

మార్చిలో స్కూల్ బోర్డు మీటింగు. స్కూలు క్యాంటీన్‌లో మడత కుర్చీలు వేశారు. బ్యాండు పిల్లల తల్లిదండ్రులు, బాస్కెట్‌బాల్ వాళ్ళు, అందరూ తమ తమ కోర్సుల్ని కాపాడుకోవడానికి వచ్చారు. ఇండోనేషియన్ వంతు వచ్చేసరికి జనం పల్చబడ్డారు. నీల్ ముందు వరసలో టై కట్టుకుని కూర్చున్నారు. నేను మైకు దగ్గరికెళ్ళి రిపోర్టు చదివాను.

బోర్డు మెంబరు ఒకాయన, ఊళ్ళో ఇన్సూరెన్స్ ఏజెంటు, మర్యాదగానే అడిగాడు. "మేడమ్, మీ టేబుల్ ప్రకారమే పిల్లలు ఇది పనికిరాదంటున్నారు. అవునా?"

"అవును. అలాగే అన్నారు."

"మరి మేం ఇంకేం తెలుసుకోవాలి?"

"ఈ క్లాసు ఉండాలని కూడా వాళ్ళే అన్నారు. నేను ఆ రెండో మాట ఎందుకన్నారో అడగడానికి సరైన ప్రశ్నలు తీసుకురాలేదు. అది నా స్కేల్ లోపం, పిల్లలది కాదు."

ఆయన తల పంకించాడు. ఒప్పుకున్నట్టు లేదు. నేను వచ్చి కూర్చున్నాను. ఊరివాళ్ళెవరైనా మాట్లాడొచ్చని ప్రకటించారు. వెనక కుర్చీ చప్పుడైంది. తిరిగి చూస్తే రే కొవాల్‌స్కీ నడిచి వస్తున్నాడు. అదే నీలం చొక్కా. పక్కన డెబ్బీ లేదు, క్యారల్ లేదు. తను వస్తున్నట్టు వాళ్ళకి చెప్పలేదని తర్వాత తెలిసింది.

మైకు ఎత్తు సరిచేసుకున్నాడు. "మా అమ్మాయి ఈ క్లాసులో ఉంది" అన్నాడు. "నేనూ ఉన్నాను. నా పేరు మీ హాజరు పట్టీలో ఉండదు. రోజూ సాయంత్రం తను నాకు నేర్పుతుంది."

మైకు స్తంభాన్ని ఒక చేత్తో పట్టుకున్నాడు.

"నాకు పని పోయి ఏడాది దాటింది. ఇక్కడ చాలామందికి తెలుసు. ఎవరు కనపడినా పని దొరికిందా అని అడుగుతారు. మంచికే అడుగుతారు. లేదు అని చెప్పాలి. లేదు, లేదు అని చెప్పీ చెప్పీ, నేను బయటికి రావడం మానేశాను. ఆ భాషలో అక్కడ లేదు అనడానికి వీల్లేదు. ఇంకా లేదు అనాలి. మిస్టర్ నీల్ మార్కులు కోస్తారు." ఎవరో చిన్నగా నవ్వారు. నీల్ తల వంచుకుని ఉన్నారు. "ఇంకా లేదు అంటూ నేను మళ్ళీ బయటికి వచ్చాను. ఇవాళ ఇక్కడికి వచ్చాను. ఈ మేడమ్ కాగితంలో ఇది ఏ గడిలోకి వస్తుందో నాకు తెలీదు. అంతే."

వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు. ఇన్సూరెన్స్ ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

అద్భుతమేమీ జరగలేదు. బోర్డు దగ్గర నిజంగానే డబ్బు లేదు. కొత్త పిల్లల్ని చేర్చుకోవద్దని, ఇప్పుడున్న పిల్లలు మాత్రం చదువు పూర్తయ్యేదాకా క్లాసు నడపాలని తీర్మానించారు. అంటే డెబ్బీకి ఇంకో ఏడాది. ఆ తర్వాత ఆ స్కూల్లో ఇండోనేషియన్ లేదు. నీల్ జాగ్రఫీ చెప్పుకుంటూ రిటైరయ్యారు. మీటింగు అయ్యాక ఆయన రే దగ్గరికి వెళ్ళి చేతులు పట్టుకుని ఆ భాషలోనే ఏదో అన్నారు. రే ఆలోచించి, తడుముకుంటూ జవాబు చెప్పాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు. బయట మంచు కరిగి నీళ్ళు కారుతున్నాయి, అందరం తడి బూట్లతో కార్లకేసి నడిచాం.

ఆ మరుసటేడు అక్టోబరులో మా అబ్బాయి సైకిలు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంటే ఆస్పత్రికి తీసుకెళ్ళాను. కారిడార్‌లో నిచ్చెన మీద ఒకాయన సీలింగులో ట్యూబ్‌లైట్ మారుస్తున్నాడు. యూనిఫాం మీద రే అని కుట్టి ఉంది. నన్ను చూసి కిందికి దిగి, చేతులు తుడుచుకుని, మా అబ్బాయి కట్టు చూసి పలకరించాడు. ఆస్పత్రిలో మెయింటెనెన్స్ పని అట. ఫ్యాక్టరీలో వచ్చినంత జీతం రాదు, కానీ బాయిలర్ల దగ్గర్నుంచి తలుపు గొళ్ళేల దాకా అన్నీ చూసుకోవడం బాగుందన్నాడు. ఆ భాషలో నాకు గుర్తుండిపోయిన ఒకే ఒక్క ప్రశ్న అడిగాను, ఉద్యోగం దొరికిందా అని.

"సుదా, బూ" అన్నాడు. బూ అంటే ఆ భాషలో అమ్మా అని గౌరవంగా పిలవడం.

డెబ్బీ ఎలా ఉందని అడిగాను. నర్సింగ్ చదువుతోందట, లాన్సింగ్‌లో. "ఆదివారాలు ఫోన్ చేస్తుంది. వాళ్ళమ్మతో ఇంగ్లిష్‌లో గంట మాట్లాడుతుంది. తర్వాత నాకిస్తారు. మేమిద్దరం మాకొచ్చిన ఆ కాసిని మాటలే మాట్లాడుకుంటాం. ఇద్దరం మర్చిపోతున్నాం అనుకోండి" అన్నాడు. చెప్తున్నంతసేపూ నవ్వుతూనే ఉన్నాడు. తర్వాత నిచ్చెన ఎక్కాడు.

నేను ఆ పనిలో ఇంకా చాలా ఏళ్ళున్నాను. భాషలే కాదు, లెక్కలు, సంగీతం, వడ్రంగం, పిల్లలకి నేర్పే ప్రతిదాని మీదా వాళ్ళ మనసేమిటో కొలిచాను. డెబ్బీ తర్వాత తయారుచేసిన ప్రతి స్కేల్ చివరా గళ్ళు లేని ఒక ప్రశ్న చేర్చాను. ఇక్కడ నేర్చుకున్నది ఇంటికెళ్ళి ఎవరికి చెప్తావు అని. కుర్ర ఎవాల్యుయేటర్లు దీన్ని ఇన్‌స్ట్రుమెంటల్ కింద వెయ్యాలా, ఇంటిగ్రేటివ్ కింద వెయ్యాలా అని అడిగేవారు. దేని కిందా వెయ్యొద్దు, చదవండి అనేదాన్ని. తమ్ముడికి చెప్తానని రాసినవాళ్ళున్నారు, కుక్కకి చెప్తానని రాసినవాళ్ళున్నారు, ఎవరికీ చెప్పను అని రాసినవాళ్ళూ ఉన్నారు. ఎవరికీ చెప్పను అని రాసిన పిల్లలు ఎక్కువగా ఉన్న క్లాసు కనపడితే, మిగతా అంకెలు ఎంత బాగున్నా, నేను ఆ స్కూలుకి ఇంకోసారి వెళ్ళి కూర్చుని పిల్లలతో మాట్లాడి వచ్చేదాన్ని.